ముందు ముక్కు, ఆ తర్వాత ఫ్యాను

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

క్షేమంగా ఇల్లు చేరాను. మీ అత్తయ్య నా సంచీ తెరిచి, "అమ్మాయి ఇంట్లో ఉండి వచ్చారా, గొడ్ల చావిట్లో పడుకుని వచ్చారా" అని చొక్కాలన్నీ బకెట్లో ముంచేసింది. రెండు రోజులు మీ ఇంట్లో ఉండి ఆ వాసనకు నా ముక్కు అలవాటు పడిపోయింది. నీ ముక్కు అలవాటు పడి నాలుగు నెలలైంది. కాబట్టి మీ ఎదురింటి పెద్దావిడ గొడవ పడుతున్నారని నువ్వు చెప్పినప్పుడు, "ఆవిడకు చాదస్తం, మాకేమీ రావడం లేదు" అన్నావే, ఆ మాట ముందు వెనక్కి తీసుకో. పుట్టగొడుగులు పెంచేవాళ్ళు తమ గది వాసన గురించి తాము సాక్ష్యం చెప్పకూడదు.

బస్సు ఎక్కించేటప్పుడు నువ్వు అడిగిన ప్రశ్న గుర్తుంది. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య గది వాసన పట్టుకునే కార్బన్ ఫిల్టరు, అంటే బొగ్గు నింపిన బుట్ట, కొనమన్నాడు, కొనాలా వద్దా, ఒక్క మాటలో చెప్పమన్నావు. ఒక్క మాటలో అయితే, వద్దు. ఎందుకు వద్దో, దాని బదులు ఏం చేయాలో చెప్పాలంటే బస్టాండులో కుదిరే పని కాదు కనుక ఈ ఉత్తరం.

మొదట ఆ పెద్దావిడ సంగతి. నువ్వు నిద్ర లేవకముందే నేను వాళ్ళింటికి వెళ్ళి కాఫీ తాగి వచ్చాను. నీ మీద చాడీలు చెప్పించుకోవడానికి కాదు. వాసన ఎప్పుడు వస్తుంది, రోజంతానా, కాసేపా అని అడిగాను. ఆవిడ ఠక్కున "మంగళవారం, శుక్రవారం" అన్నారు. పూజ చేసుకునే రోజులు కాబట్టి గుర్తుండిపోయిందట. తెల్లవారుజామున తులసికోట దగ్గర దీపం పెడుతుంటే గుప్పున కొడుతుందట, ఎనిమిది గంటలకల్లా పోతుందట. ఇప్పుడు నువ్వే ఆలోచించు. నీ ఎగ్జాస్ట్ ఫ్యాను వారం పొడుగునా తిరుగుతూనే ఉంది. గదిలోంచి వచ్చే వాసనే అయితే వారానికి ఏడు రోజులూ రావాలి కదా?

సోమవారం, గురువారం మధ్యాహ్నాలు నువ్వు పుట్టగొడుగుల సంచుల్లో నింపే గడ్డి నానబెడతావు. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే ఆ డ్రమ్ములో నీళ్ళు మెట్ల పక్క కాలవలోకి వంచేస్తావు. శుక్రవారం పొద్దున నేను దగ్గర నిలబడి చూశాను. టీ డికాక్షన్ రంగులో, పైన నురగతో, పాత కుడితి తొట్టి కదిపినట్టు వచ్చింది. ఆ నీళ్ళు కాలవ వెంట నేరుగా ఎదురింటి గేటు ముందుకు పోయి అక్కడున్న గుంటలో నిలబడ్డాయి. మేడ మీద గదికి ఎన్ని ఫ్యాన్లు బిగించినా ఎన్ని ఫిల్టర్లు తగిలించినా ఆ గుంటకు ఏమవుతుంది చెప్పు?

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది ముక్కు పని గురించి. ఫ్యాను తర్వాత. గదిలో వాసన పుట్టిందంటే ఎక్కడో ఏదో చెడిందని కబురు. కబురు విప్పి చదవకుండా చించి పారేస్తే నష్టం మనకే. ఆరోగ్యంగా ఉన్న పుట్టగొడుగుల గది కంపు కొట్టదు. తొలకరి పడ్డ మరునాడు చెట్ల కింద ఉండే వాసన వస్తుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగులయితే కాస్త సోంపు గింజలు నలిపినట్టు తియ్యగా కూడా ఉంటుంది. ఆ వాసన మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. చేశారంటే అది వేరే తగాదా.

చెడ్డ వాసనల్లో రకాలున్నాయి, వాటిని విడదీసి గుర్తుపట్టడం నేర్చుకో. పులిసిన గంజిలాగా, కల్లు ముంతలాగా వస్తే గడ్డిలో తడి ఎక్కువైంది. సంచులు నింపేముందు గుప్పెడు గడ్డి తీసి గట్టిగా పిండు. అరచెయ్యి తడవాలి, చుక్క కారకూడదు. మీ ఇంట్లో నేను పిండితే మోచేతి దాకా కారింది. గడ్డి వంచిన తర్వాత రెండు గంటలైనా జల్లెడ బల్ల మీద నీడలో ఆరబెట్టకుండా తొందరపడి నింపేస్తున్నావు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే బెడ్డు, అంటే గడ్డీ విత్తనమూ నింపిన సంచి, అడుగున నీళ్ళు చేరి గాలి ఆడటం లేదని అర్థం. అడుగున నాలుగు బెజ్జాలు పొడిస్తే పసుపు రంగు నీరు కారిపోయి, కొన్నిసార్లు ఆ బెడ్డు బతుకుతుంది. మూత్రశాల ఘాటు, అంటే అమ్మోనియా వస్తే తవుడో పత్తి చెక్కో మోతాదు మించి కలిపావు, లేకపోతే బెడ్డు లోపల వేడెక్కిపోయింది. పుట్టగొడుగు తెల్ల బూజు గడ్డిలో పాకే రోజుల్లో బెడ్డు లోపలి వేడి గది వేడికంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉండగలదు, అది మరిచిపోకు. చేపల బుట్ట వాసన వస్తే కోత సమయంలో వదిలేసిన మొదళ్ళు కుళ్ళుతున్నాయి. పుట్టగొడుగును మెలితిప్పి మొదలంటా తీయాలి. కత్తితో పైపైన కోసి మోడు వదిలేయకూడదు.

ఇక అన్నిటికంటే మోసకారి వాసన ఒకటుంది. గదిలోకి అడుగుపెట్టగానే పచ్చికొబ్బరి కోరినట్టు కమ్మగా వస్తుంది. నా మొదటి ఏడాదిలో ఆ వాసన తగిలి, పంట బ్రహ్మాండంగా ఉందని పాలేరును కూడా పిలిచి చూపించాను. నాలుగో రోజుకు సగం బెడ్లు ఆకుపచ్చగా మారాయి. అది ట్రైకోడెర్మా, మనం పచ్చబూజు అంటాం. దానిలో కొన్ని రకాలు అచ్చం కొబ్బరి వాసన ఇచ్చే పదార్థాన్ని వదులుతాయి. కొబ్బరి వాసన తగిలిందంటే ఫ్యాను ఆపు. నడుస్తున్న ఫ్యాను ఆ పచ్చటి దుమ్మును గదంతా చల్లుతుంది. బెడ్డును కదపకుండా పైన తడిగుడ్డ కప్పి, దాంతో సహా పెద్ద సంచిలోకి దించి మూతి కట్టి, ఇంటికి దూరంగా తీసుకుపో.

ఇప్పుడు నానబెట్టే నీళ్ళకు మందు. గడ్డిలో క్రిములు చావడానికి ఫార్మలిన్, వేరే బూజులు చావడానికి కార్బెండజిమ్ పొడి కలిపి నువ్వు వాడుతున్న పద్ధతి అందరూ నేర్పేదే. 100 లీటర్ల నీళ్ళకు 125 మిల్లీలీటర్ల ఫార్మలిన్, 7 గ్రాములకు కాస్త పైగా మందు పొడి, 16 నుంచి 18 గంటలు మూత పెట్టి నానబెట్టడం. పొలం గట్టున పాక ఉన్న నాబోటివాడికి అది కొంతకాలం సాగింది. పక్కిల్లు పది అడుగుల్లో ఉన్న నీకు అది కుదరదు. ఫార్మలిన్ ఆవిరి కళ్ళు మండిస్తుంది, గొంతు పట్టేస్తుంది, ఎక్కువ కాలం పీలిస్తే కేన్సరు తెచ్చే పదార్థాల జాబితాలో ఉంది. ఆ నీళ్ళు కాలవలోకి వదలడం వాసన కంటే పెద్ద తప్పు. వేడినీళ్ళ పద్ధతికి మారు. 80 డిగ్రీల దగ్గర నిలకడగా గంటసేపు గడ్డిని ముంచి ఉంచితే చాలు. గ్యాసు ఖర్చు ఉంటుంది, కాదనను. కానీ ఆ వాసన ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెట్టినట్టు ఉంటుంది. మీ ఎదురింటావిడ గోదావరి జిల్లా మనిషి కాబట్టి ఆ వాసనకు ఆవిడ పుట్టిల్లు గుర్తుకు రావచ్చు. మందు కలవని ఆ నీళ్ళు చల్లారాక అదే రోజు అరటి మొదళ్ళకు పోసెయ్. రాత్రంతా ఉంచావంటే మళ్ళీ కుడితి వాసనే. మార్చేలోపు మిగిలిన ఫార్మలిన్ సీసా గాలి తగిలే చోట తాళం వేసి ఉంచు. కాలవ కడగడానికి బ్లీచింగు పౌడరు వాడేటప్పుడు దాంతో బాత్రూము యాసిడ్ గానీ మరేదైనా గానీ కలపకు. క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఈ ఒక్క మార్పుతో మీ గొడవలో ముప్పాతిక వంతు తీరిపోతుందని నా నమ్మకం. మిగిలిన పాతిక వంతు గదిది.

నా పాకకు, నీ గదికి తేడా చెబుతాను. మా తెనాలి వైపు తాటాకు పాకలో పైకప్పే ఊపిరి పీలుస్తుంది. ఆకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది, కింద గోడ వారనుంచి చల్లగాలి వస్తుంది. నేను పన్నెండేళ్ళపాటు ఎగ్జాస్ట్ ఫ్యాను మొహం చూడలేదు. నీది నాలుగు గోడలూ స్లాబూ ఉన్న సిమెంటు గది. దానికి ఊపిరితిత్తులు నువ్వే బిగించాలి. పైగా బెడ్లు మనలాగే ఊపిరి తీసి బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడు వదులుతాయి. బయటి గాలిలో అది పది లక్షల భాగాలకు 420కి కాస్త పైన ఉంటుంది. పంట గదిలో వెయ్యి దాటకుండా చూసుకోవాలి. దాటితే మీటరు లేకపోయినా పుట్టగొడుగే చెబుతుంది. కాడ సన్నగా పొడుగ్గా సాగిపోయి, గొడుగు చొక్కా బొత్తామంతే ఉంటుంది. నీ గదిలో మూల బెడ్ల మీద చూసింది అదే. అది విత్తనం లోపమని నువ్వు విత్తనం ఇచ్చినాయన మీద అనవసరంగా విసుక్కున్నావు.

అయితే చీకటి గదికి ఈ లెక్క వర్తించదు. తెల్ల బూజు గడ్డి నిండా పాకే ఆ పదిహేను ఇరవై రోజులూ అదే వాయువు ఎక్కువగా ఉన్నా దానికి ఇబ్బంది లేదు, ఒకరకంగా మేలే. అక్కడ ఫ్యాను పెట్టి బయటి దుమ్ము లోపలికి లాగకు. రోజుకొకసారి తలుపు తీసి మూస్తే సరిపోతుంది.

పంట గదిలో నీ ఫ్యాను సంగతి చూద్దాం. వంటింటికి వాడే 12 అంగుళాల ఫ్యాను తెచ్చి కిటికీ పైన బిగించావు. అడ్డం లేకపోతే అది గంటకు వెయ్యి ఘనపు మీటర్లకు పైగా గాలి తోస్తుంది. నీ గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు, అంటే 1080 ఘనపుటడుగులు, సుమారు 30 ఘనపు మీటర్లు. గంటకు ముప్పైసార్లకు పైగా గది గాలి మారిపోతే తేమ ఏం నిలుస్తుంది? బెడ్లు అప్పడాల్లా ఎండాయి. ఎండుతున్నాయని కిటికీలన్నీ ప్లాస్టిక్ పట్టాతో మూసేశావు. లోపలికి వచ్చే దారి లేకపోతే బయటికి పోయేది ఎక్కడినుంచి వస్తుంది? ఇప్పుడది తన చుట్టూ తాను గాలిని గిలక్కొడుతోంది, అంతే. కరెంటు బిల్లు మాత్రం నిజంగా తిరుగుతోంది.

నేను వెలిగించిన అగరుబత్తి దేవుడికి కాదు, నువ్వు దణ్ణం పెట్టుకున్నావు గానీ. తలుపు మూసి, కింది సందు దగ్గర అగరుబత్తి పెట్టి పొగ ఎటు వంగుతుందో చూశాను. గది లోపలికి వంగితే గదిలో ఒత్తిడి తక్కువగా ఉంది, వాసన ఇంట్లోకి రాదు. నీ దగ్గర పొగ కాసేపు నిటారుగా నిలబడి, వంటింట్లో ఫ్యాను వేయగానే మన వైపు తిరిగింది. అంటే మీ వంటిల్లు పంట గది గాలిని లాక్కుంటోంది. అల్లుడు సాంబారులో గడ్డి వాసన అంటున్నాడంటే అతన్ని తప్పు పట్టకు.

ఇలా మార్చు. ఇంతటి గదికి గంటకు నాలుగుసార్లు గాలి మారితే చాలు, అంటే 120 ఘనపు మీటర్లు. గొట్టం మధ్యలో బిగించే 6 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాను తెచ్చుకో. డబ్బా మీద రాసిన అంకె నమ్మకు. వల, గొట్టం, వంపులు పోను సగం, మూడింట రెండు వంతులు మిగులుతుంది. గంటకు 240 ఘనపు మీటర్లు నికరంగా లాగితే పావుగంట నడిపి పావుగంట ఆపేలా టైమరు పెట్టుకోవచ్చు. ఆగిన పావుగంటలో తేమ కోలుకుంటుంది. రెక్కల ఫ్యాను గోడలో బాగా పనిచేస్తుంది గానీ గొట్టంలో, వల వెనక నీరసపడిపోతుంది. అందుకే ఇన్‌లైన్ రకం అంటున్నాను.

గాలి వచ్చే దారి, పోయే దారి ఎదురెదురు మూలల్లో ఉండాలి. ఒక గోడ పైభాగంలో లోపలికి, అవతలి గోడ అడుగున బయటికి. బొగ్గుపులుసు వాయువు బరువైంది కాబట్టి నేలను అంటిపెట్టుకుని ఉంటుందని, అందుకే కింద పెట్టాలని కొందరు వాదిస్తారు. ఫ్యాను తిరిగే గదిలో ఆ బరువు లెక్కలోకి రాదు, అన్నీ కలిసిపోతాయి. అసలు విషయం ఏమిటంటే, వచ్చిన గాలి బెడ్లన్నిటినీ పలకరించి పోవాలి. రెండు దారులూ పక్కపక్కనే ఉంటే వచ్చింది వచ్చినట్టే పోతుంది, మూలనున్న బెడ్డుకు ఎప్పటి గాలో అలాగే ఉంటుంది. లోపలికి వచ్చే దారికి అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు కిటికీ పెట్టి, 40 మెష్, అంటే అంగుళానికి నలభై కన్నాలుండే నైలాను వల బిగించు. చిన్న నల్ల ఈగలు వాసన పట్టుకుని వచ్చేది అటునుంచే. అంత సన్నని వల గాలిని కూడా అడ్డుకుంటుంది కాబట్టే కిటికీని అవసరానికి రెట్టింపు పెట్టమంటున్నాను. వారానికొకసారి వల దులిపి కడగకపోతే అది గోడతో సమానం.

ఫ్యానును గదిలో కాకుండా బయట, అడ్డంగా పోయే గొట్టం చివర, పైకి లేచే నిట్టపైపుకు దగ్గరగా బిగించు. అప్పుడు ఫ్యాను దాకా గొట్టం పొడవునా లోపలికి లాగుడే ఉంటుంది. ఎక్కడైనా సందు పడినా బయటి గాలి లోపలికి పోతుంది తప్ప లోపలి వాసన బయటికి కారదు. ముడతల గొట్టం వద్దు, ఆ ముడతల్లో గాలీ ఆగుతుంది, పుట్టగొడుగు దుమ్మూ పేరుకుంటుంది. 6 అంగుళాల పీవీసీ పైపు వాడు, ఎల్బోలు రెండు మించకుండా. అడ్డంగా పోయే భాగం కొద్దిగా బయటి వైపు వాలుగా ఉండాలి. నిట్టపైపు మొదట్లో నీళ్ళు కారడానికి ఒక చిన్న బెజ్జం పెట్టు. చలికాలం రాత్రి ఆ తడిగాలి పైపులో చుక్కలు కడుతుంది. వాలు తప్పితే అవి తిరిగి వచ్చి బెడ్ల మీద పడతాయి. స్విచ్చుబోర్డు గది బయట ఉండాలి, కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకరు తప్పనిసరి. దీని గురించి ఇంతకంటే చెప్పను, ఎలక్ట్రీషియన్ని పిలు.

ఆ గాలిని ఎక్కడ వదలాలి అన్నది చాలామంది ఆఖర్న ఆలోచిస్తారు. మీ ఇంటికి బాత్రూముల మధ్య గాలి సందు ఉంది కదా, మేస్త్రీ అందులోకి తిప్పేద్దామంటాడు, ఒప్పుకోకు. ఆ సందులోకి వదిలితే కింది వాటావాళ్ళ స్నానాల గదుల్లో తేలుతుంది. పైపును నిటారుగా పైకి తీసుకెళ్ళి పిట్టగోడ కంటే మూడు అడుగులు ఎత్తున వదులు. వాన పడుతుందని పైన గొడుగులాంటి మూత పెట్టించకు. అది పైకి పోయే గాలిని కిందికి తిప్పి ఎదురింటి తులసికోట మీదికే పంపిస్తుంది. మూత లేకపోయినా కింద బెజ్జం ఉంది కాబట్టి వాన నీరు కారిపోతుంది, ఫ్యాను మాత్రం నిట్టపైపులో కాకుండా దాని పక్క అడ్డ భాగంలో ఉండాలి. మీ హైదరాబాదులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా పడమటి వైపునుంచి వీస్తుంది, చలికాలంలో తూర్పు వైపునుంచి. ఎదురిల్లు మీకు తూర్పున ఉంది. కాబట్టి పైపు మీ డాబాకు పడమటి అంచున పెట్టు. వానాకాలంలో ఆ గాలి వాళ్ళింటిని చేరేలోపు మీ డాబా అంతా దాటాలి, ఆలోపు పలచబడుతుంది. మీ మామగారు వాస్తు ప్రకారం వాయవ్యం అంటారు. వాయవ్యం కూడా పడమటి వైపే కాబట్టి ఆయనకు ఆ మాటే చెప్పు, ఇద్దరం నెగ్గినట్టు ఉంటుంది.

ఇప్పుడు నీ కార్బన్ ఫిల్టరు. అది బూటకం కాదు. కొబ్బరి చిప్పల బొగ్గును ప్రత్యేకంగా కాల్చి చేస్తారు. కంటికి కనిపించని రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే ఒక్క గ్రాము బొగ్గులో వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉంటుంది, అంటే పావెకరం. వాసన ఆ గోడలకు అంటుకుని ఆగిపోతుంది. మీ అన్నయ్య ఇంట్లో గుడారం వేసి టమాటా, మిరప మొక్కలు పెంచుతాడు. అక్కడ తేమ యాభై అరవై శాతం. బొగ్గు హాయిగా పనిచేస్తుంది. నీ గదిలో తేమ 85 నుంచి 90 శాతం. డెబ్బై దాటిన దగ్గరనుంచీ ఆ రంధ్రాల్లో నీళ్ళు చేరి కూర్చుంటాయి, వాసనకు చోటుండదు. పైగా నీకు ఎక్కువ బాధ పెట్టే అమ్మోనియా, ఫార్మలిన్ ఆవిరి రెండూ మామూలు బొగ్గుకు సరిగా అంటవు. ఖరీదైన తడిబొగ్గు బుట్ట కొనుక్కుని దాని బరువు కోసం కొక్కెం కూడా కొనాలి. ఓజోను యంత్రం అని ఇంకొకటి అమ్ముతారు, దాని జోలికి అసలు పోకు, అది ఊపిరితిత్తులకు చేటు. సాంబ్రాణి, రూము ఫ్రెష్‌నర్లు అంటావా, కంపు మీద అత్తరు చల్లితే మూడో వాసన పుడుతుంది, అది రెండిటికంటే అన్యాయంగా ఉంటుంది.

నా దగ్గర పనిచేసింది ఇంకొకటి ఉంది. మా పాక పక్కన కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు వచ్చాక నేను సిమెంటు గదికి మారి, వాసనకు ఒక తొట్టి కట్టాను. నాలుగు అడుగుల పొడవు, నాలుగు వెడల్పు, మూడు ఎత్తు, ఇటుకలతో. అడుగున బెజ్జాలు వేసిన పైపు, దాని మీద కంకర, ఆపైన చెక్క ముక్కలు, పాత ఎరువు కలిపి నింపాను. గది గాలి అడుగునుంచి దూరి పైకి వస్తుంది. అరనిమిషం పాటు ఆ తడి చెక్కల మధ్య తిరిగేసరికి వాటి మీద బతికే సూక్ష్మజీవులు వాసనను తినేస్తాయి. దానికి తడి అడ్డం కాదు, తడే ప్రాణం. మొదటిసారి నేను ఖరీదు తక్కువని కొబ్బరి పొట్టు, వరి ఊక నింపాను. నెల తిరక్కుండా అది దిమ్మలా అణిగిపోయి ఫ్యాను మూలిగింది. బొటనవేలంత చెక్క ముక్కలయితేనే గాలి ఆడుతుంది. అయితే తడిసిన ఆ తొట్టి అరటన్నుకు పైనే తూగుతుంది. నీ డాబా మీద కట్టే ఆలోచన కలలో కూడా వద్దు. పైన చెప్పినవన్నీ చేశాక కూడా వాసన మిగిలితే, ఇంటి వెనక నేల మీద ఎక్కడ కట్టాలో అప్పుడు చూద్దాం.

వాసన లేని ప్రమాదం గురించి కూడా చెప్పాలి. పుట్టగొడుగు ముదిరి అంచులు పైకి తిరిగితే కంటికి పొగమంచులా కనిపించే దుమ్ము వదులుతుంది. నువ్వు బల్ల మీద తెల్లగా పేరుకుందని చూపించింది అదే. అది విత్తనాల దుమ్ము. కొన్నేళ్ళ క్రితం ఒక చలికాలమంతా నాకు పొద్దున కోత కోసిన రోజు సాయంత్రానికి చలిజ్వరం, పొడి దగ్గు, ఆయాసం వచ్చేవి. మర్నాటికి తగ్గేవి. మలేరియా అనుకుని మందులు మింగాను. చివరికి ఒక డాక్టరు, "మీరేం పని చేస్తారు" అని అడిగాడు. అంతకుముందు ఎవరూ అడగలేదు. దుమ్ము పీల్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో ఊపిరితిత్తులు తిరగబడే జబ్బు అది, పట్టించుకోకపోతే శాశ్వతంగా పాడవుతాయి. కాబట్టి అంచులు ఇంకా కిందికి వంగి ఉండగానే కోసెయ్. సాయంత్రం కోస్తే ఇంకా బరువు తూగుతుందని ఒక పూట ఆగావంటే ఆ దుమ్ము నీకు, నీ ఫ్యానుకు, పక్కింటికి. కోతకు అరగంట ముందు ఫ్యాను ఆపకుండా నడిపించు, ఎన్95 మాస్కు పెట్టుకో, కర్చీఫు చాలదు. వారానికొకసారి కరెంటు తీసేసి ఫ్యాను రెక్కలు సబ్బునీళ్ళతో తుడువు.

ఎండాకాలం గురించి నాలుగు మాటలే. ఏప్రిల్, మేలలో ముత్యపు చిప్పల కోసం గదిని చల్లబరచాలని తంటాలు పడకు. పాల పుట్టగొడుగులకు మారు. అవి 30 నుంచి 35 డిగ్రీల్లో బాగా వస్తాయి. 1974లో పశ్చిమ బెంగాల్‌లో గుర్తించిన రకం, తర్వాత కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్ళు మన ఎండలకు పనికొచ్చేలా తీర్చిదిద్దారు. అప్పుడు కూడా మధ్యాహ్నం వడగాలి లోపలికి లాగకు. ఫ్యాను ఎక్కువ భాగం రాత్రి, తెల్లవారుజాముల్లో నడిపి, పగలు అయిదేసి నిమిషాలతో సరిపెట్టు. లోపలికి వచ్చే కిటికీకి తడిపిన వట్టివేళ్ళ తడక వేలాడదీయి.

పంట అయిపోయిన బెడ్లు మెట్ల కింద పేర్చి ఉంచావు. నేను లెక్కపెట్టాను, ముప్పై ఒకటి. అవి రేపే పంపించెయ్. నర్సరీవాళ్ళు ఎరువుకు తీసుకుపోతారు, నువ్వు అడగాలే గానీ.

ఎదురింటావిడ దగ్గరికి నువ్వే వెళ్ళు. పుట్టగొడుగులు పట్టుకెళ్ళకు, ఆవిడ తినరు, అడిగాను. ఒక చిన్న పుస్తకం ఇచ్చి, వాసన వచ్చినప్పుడల్లా తేదీ, వేళ రాయమను. నువ్వు ఇక్కడ గడ్డి ఉడికించిన రోజు, కోత రోజు, గాలి వాలు రాసుకో. నెల తర్వాత రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటే నీ గది గుట్టు నాకంటే మీ ఇద్దరికే బాగా తెలుస్తుంది. ఆవిడకు జ్ఞాపకశక్తి గట్టిది, నమ్ము.

నా పాత టైమరు ఒకటి, వట్టివేళ్ళ తడక రెండు, రేపు రాత్రి బస్సులో వేస్తున్నాను. ఎల్లుండి పొద్దున ఆరింటికి ఎల్బీ నగర్‌లో అల్లుణ్ణి తీసుకోమను. ఫ్యాను బిగించాక తలుపు సందు దగ్గర అగరుబత్తి పెట్టి, వంటింటి ఫ్యాను కూడా వేసి, పొగ ఎటు వంగిందో ఫోను చేసి చెప్పు. రాత్రి పదయినా ఫరవాలేదు, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ మామయ్య